పుర్రె బొమ్మ గీకేసిన డబ్బా

నేను ఒక ప్లాస్టిక్ డబ్బాను. ఐదు లీటర్లు పడతాను. పిడి గట్టిది, మూత బిగువు. ఫ్యాక్టరీలో నన్ను పోతపోసి, పత్తి పురుగును చంపే మందు నింపి, పొట్ట మీద ఎర్రటి గుర్తులో పుర్రె బొమ్మ అంటించారు. ఖాళీ అయ్యాక నన్ను పగలగొట్టి పూడ్చిపెట్టాలని కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాశారు. మనుషులకు రాసే తెలివి ఎక్కువ, చదివే ఓపిక తక్కువ.

నన్ను కొన్నది సమ్మయ్య అనే పత్తి రైతు. మందు అయిపోయాక గట్టు మీద విసిరేస్తే అతని తల్లి కొమురమ్మ ఎత్తుకొచ్చింది. బూడిద, చింతపండు పట్టించి నిగనిగలాడేలా తోమింది. ఎండబెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"వాసన సుత లేదు. గింత గట్టి డబ్బ, పారేస్తవార?" అని కొడుకును కసిరింది.

నాకు నవ్వొచ్చింది. వాసన పోతే విషం పోయినట్టేనని ఆమె నమ్మకం. నా గోడల్లో ఇంకినది బూడిదకు లొంగేది కాదు.

అప్పటికి కోడలు స్వరూపకు రెండో నెల. పెళ్ళైన ఆరేళ్లకు నిలిచిన కడుపు. కొమురమ్మకు ఆ కడుపే దేవుడు. కడుపుతో ఉన్న మనిషి పుర్రె బొమ్మ చూడకూడదని కొడవలి మొనతో దాన్ని, కింది రాతతో సహా గీకి పారేసింది. నా గురించి నిజం చెప్పే ఒక్క ముక్కా అలా పోయింది. ఆ తర్వాత నిండా నీళ్లు పోసి కోడలి చేతికిచ్చింది.

"చేన్ల బాయినీళ్లు తాగకు బిడ్డా, సర్దయితది. ఇంటి నీళ్లే తాగు."

చేలో ఎండకు నేను కాగిపోయేదాన్ని. స్వరూప కలుపు తీసి వచ్చి గటగటా తాగేది. "నీళ్లు చేదుగున్నయి అత్తమ్మా" అని ఒకసారి అంది. "కడుపుతోనున్నప్పుడు తేనె సుత చేదే ఉంటది" అంది కొమురమ్మ. ఇక స్వరూప ఆ మాట ఎత్తలేదు.

ఏడో నెలలో సూర్యగ్రహణం వచ్చింది. చూడాలి అప్పుడు కొమురమ్మ జాగ్రత్త! కిటికీలకు దుప్పట్లు కట్టింది. కోడల్ని వెల్లకిలా పడుకోబెట్టి, కదలొద్దు, గోక్కోవద్దు అంటూ కాపలా కూర్చుంది. గ్రహణం విడిచాక ఇంట్లో నీళ్లన్నీ పారబోసి, నాలో కొత్తనీళ్లు పట్టి, తన చేత్తోనే తాగించింది.

బిడ్డ నెలలు నిండకుండానే పుట్టింది. పిడికెడంత ఆడపిల్ల. పై పెదవి చీలి ఉంది, పాలు చప్పరించలేకపోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ, మందు కొట్టే చేలో పనిచేసిందా, ఏ నీళ్లు తాగింది అని అడిగింది.

"ఇంటి నీళ్లే" అంది కొమురమ్మ గర్వంగా. అబద్ధం కాదు. కారణం ఇదీ అని గట్టిగా చెప్పలేమంది డాక్టరమ్మ. పురుటి స్నానం కూడా కాకముందే బిడ్డ పోయింది.

ఊరంతా గ్రహణం మొర్రి అన్నారు. కొమురమ్మ కోడలి జుట్టు పట్టుకుంది. "గరణం నాడు ఎక్కడ గోక్కున్నవే? నా కండ్లు గప్పి ఏం జేసినవే?"

స్వరూప లేదంది, కాదంది, ఒట్టేసింది. అడిగి అడిగి చంపుతుంటే చివరికి, "మోచెయ్యి గోక్కున్ననేమో అత్తమ్మా, యాదికి లేదు" అని ఒప్పుకుంది. అప్పటినుంచి తన బిడ్డను తన గోరే చంపిందని ఆమె నమ్ముతోంది. నేను ఆ గదిలోనే మూల కూర్చుని విన్నాను. నాకూ నోరుంది, కానీ అది నీళ్లు పోయడానికే.

పాతసామాన్ల బండివాడు నన్ను ఇస్తే ఉల్లిగడ్డలు ఇస్తానన్నాడు. ఇంత గట్టిది మళ్లీ దొరకదని కొమురమ్మ ఇవ్వలేదు.

ఈ మధ్య స్వరూపకు మళ్లీ నెల తప్పింది. కొమురమ్మ పంచాంగం చూసే అయ్యగారి దగ్గరికి పోయి, కాన్పు దాకా గ్రహణం లేదని తెలుసుకుని మురిసిపోతూ వచ్చింది.

"ఈపారి మనకేం భయం లేదు బిడ్డా" అంటూ నన్ను నింపి కోడలి ముందు పెట్టింది.

స్వరూప గోళ్లు మొదలంటా కత్తిరించుకుంది. కొన్ని వేళ్ల చివర నెత్తురు కూడా కనబడుతోంది. ఆ వేళ్లతోనే నా మూత తిప్పి, నన్ను ఎత్తి గటగటా తాగింది.