జడ్జిగారి పళ్ళు

మధ్యాహ్నం భోజనం దగ్గర మామగారి పళ్ళసెట్టు రెండు ముక్కలైంది. సాయంత్రం నాటకం. అందులో ఆయన జడ్జి.

ఇంకో ఇంట్లో అయితే నెత్తిన చేతులు పెట్టుకునేవాళ్ళు. ఈ ఇంటి కోడలి ఉద్యోగమే పళ్ళసెట్లు తయారుచేయడం. ముక్కలు రెండూ డబ్బాలో వేసుకుని లేచింది.

"మీరు థియేటరుకు వెళ్ళి గౌను వేసుకోండి మావయ్యా. తీర్పు చెప్పే వేళకి పళ్ళు మీ నోట్లో ఉంటాయి."

మామగారు తలూపాడు. నోరు తెరిస్తే గాలి తప్ప మాట వచ్చేలా లేదు. ఇన్నేళ్ళుగా ఆ నాటక సమాజంలో ఆయన వేసినవి జవాను, పొరుగింటాయన, ఒకసారి శవం. మొదటిసారి కుర్చీ ఉన్న వేషం దొరికింది. డైరెక్టరు మాత్రం ఫోనులోనే తేల్చేశాడు: పళ్ళు రాకపోతే జడ్జి వేషం సెట్లు కట్టే వడ్రంగిది. రిహార్సల్స్ జరుగుతున్నంతసేపూ మేకులు కొడుతూ అతగాడు మాటలన్నీ కంఠతా పట్టేశాడు.

కోడలు ల్యాబులో ముక్కలు అతికించి, అరగదీసి, మెరుగుపెట్టి, తడి దూదిలో చుట్టి డబ్బా మూత బిగించేసరికి బయట వాన అందుకుంది. మామూలు వాన కాదు, కక్షగట్టిన వాన. ట్యాక్సీ కోసం ఫోను చేస్తే ఒక్కడూ వస్తాననలేదు. ఆమె రెయిన్‌కోటు తగిలించుకుని కరెంటు సైకిలు ఎక్కింది.

కొన్న రోజున దుకాణదారు చెప్పిన మాటలు గుర్తున్నాయి. వాన పడితే ఫరవాలేదమ్మా, నీళ్ళలో ముంచకండి. బ్రేకు ముందుగా పట్టండి. రోడ్డు మీద తెల్ల గీతల జోలికి పోకండి. మొదటి రెండూ పాటించింది. మూడోది బేకరీ మలుపులో మరిచిపోయింది. చక్రం గీత మీద సర్రున జారింది. ఒక కాలు నేలకు ఆనించి, పక్కనున్న పోస్టు డబ్బాను కావలించుకుని నిలదొక్కుకుంది. పళ్ళ డబ్బా తడిమి చూసుకుని మళ్ళీ తొక్కింది.

పెద్ద బజారు సగం దాటగానే మోటారు ఊపిరి వదిలేసింది. హ్యాండిలు మీద దీపం ఆరిపోయింది. మోటారు లేని ఆ సైకిలు ఏనుగుపిల్ల. బట్టల దుకాణం చూరు కిందికి తోసుకుపోయేసరికి ఫోను మోగింది. మొగుడు.

"ఎక్కడ చచ్చావే? నాన్న గౌను వేసుకుని కూర్చున్నాడు. వడ్రంగి ఇంకో గౌను వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు తినేసేలా చూసుకుంటున్నారు."

"మీ నాన్న తినలేరులెండి, పళ్ళు నా దగ్గరున్నాయి. సైకిలు ఆగిపోయింది."

"చార్జింగు పెట్టలేదా?"

"నిండా ఉంది. ఉండండి, బ్యాటరీ తీసి చూస్తా."

తాళం తిప్పి బ్యాటరీ పైకి లాగింది. అది కూర్చునే గూటిలో అరచెయ్యి లోతున నీళ్ళు. కరెంటు అందించే ఇత్తడి పలకలు రెండూ అందులో స్నానం చేస్తున్నాయి.

"నీళ్ళు చేరాయండీ."

"చేరితే పోవడానికి కింద కన్నం ఉంటుందిగా?"

కోడలు వంగి గూటి అడుగు చూసింది.

"ఉండేది," అంది.

పొద్దున సైకిలు తుడుస్తుంటే ఆ కన్నం కంటపడింది. ఆమె పనిలో కన్నం అంటే తప్పు. పళ్ళసెట్టు చిగుళ్ళ భాగంలో సూదిమొనంత రంధ్రం కనబడినా నింపేదాకా చెయ్యి ఊరుకోదు. అచ్చులకు వాడే గులాబిరంగు మైనం కరిగించి శుభ్రంగా పూడ్చేసింది. పైగా వేలితో నున్నగా రుద్దింది కూడా.

"పూడ్చావా? సైకిలుకి కూడా చిగుళ్ళు కట్టావుటే?"

"వెటకారాలు ఇంటికొచ్చాక. ముందు ఫోను పెట్టండి."

జడలోంచి పిన్ను లాగి, కింద నుంచి గుచ్చి తిప్పింది. మైనం ముద్ద ఊడింది. నీళ్ళు బుడబుడమని కాలి మీద పడ్డాయి. రెయిన్‌కోటు లోపల పొడిగా మిగిలింది చొక్కా చెయ్యి ఒక్కటే. దానితో పలకలు, బ్యాటరీ అడుగు తడి లేకుండా తుడిచింది. గట్టిగా ఊది, ఇంకోసారి తుడిచి, బ్యాటరీ దించి మీట నొక్కింది.

దీపం వెలగలేదు. మళ్ళీ నొక్కింది. వెలిగింది.

ఇక ఆగలేదు. రైలు వంతెన కింద రోడ్డు చెరువైపోయి, ఒక కారు కిటికీల దాకా మునిగి ఉంది. ఆ నీళ్ళలోంచి పోతే దగ్గరదారే. కానీ చక్రంలో ఉన్న మోటారు మునుగుతుంది. కోడలు సైకిలు దిగి, పక్కనున్న మెట్లవంతెన ఎక్కింది. బరువు తగ్గించడానికి బ్యాటరీ తీసి చంకలో పెట్టుకుంది. ఒక్కో మెట్టుకీ సైకిలునూ, దాన్ని అమ్మిన దుకాణదారునూ కలిపి తిట్టింది. అవతలికి దిగి, బ్యాటరీ పెట్టి, మోటారుకు ఉన్న జోరంతా ఇచ్చి వదిలింది.

థియేటరు వెనక తలుపు దగ్గర అత్తగారు నిలబడి ఉంది. నాటకానికి మాటలు అందించేది ఆవిడే.

"తెర లేచేసిందే పిల్లా. ఈ మనిషి ఎవరి మాటా వినకుండా పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఇందాకటినుంచీ సుత్తి కొట్టడం, తలూపడం. తీర్పు లోపలినుంచి వడ్రంగి చదువుతాడట, ఈయన నోరు ఆడించాలట."

వడ్రంగి అప్పటికే తెరచాటున గొంతు సవరించుకుంటున్నాడు. వేదిక మీద ఉన్న లాయరు వాదించడానికి ఇంకేమీ మిగలక, ముద్దాయి చిన్ననాటి సంగతులు మొదలుపెట్టాడు. కుర్చీలో మామగారి మొహం చూస్తే, ఉరిశిక్ష ఆయనకే పడిందేమో అనిపిస్తుంది.

"ఎవరో ఒకరు లోపలికి వెళ్ళి ఇవ్వాలి," అంది కోడలు.

"ఎవరో ఒకరేమిటి, నువ్వే పో," అని అత్తగారు వీపు మీద ఒక్క తోపు తోసింది.

కోడలు దీపాల వెలుగులోకి వచ్చి పడింది. రెయిన్‌కోటు అంచునుంచి నీళ్ళు ధారకట్టాయి. జనం గుసగుసలు ఆపేశారు. లాయరు నోరు తెరుచుకుని చూశాడు. ఇక వెనక్కి పోయే దారి లేదు.

"ఈ కేసులో కొత్త ఆధారం దొరికిందండీ," అని డబ్బా జడ్జి బల్ల మీద పెట్టింది. "ఏకాంతంగా పరిశీలించాలి."

జడ్జిగారు డబ్బా అందుకుని కుర్చీతో సహా వెనక్కి తిరిగాడు. గౌను భుజాలు రెండుసార్లు కదిలాయి. తిరిగి ముందుకు వచ్చేసరికి బుగ్గలు నిండి, గడ్డం నిలబడి, నిజంగానే జడ్జిలా ఉన్నాడు. తెరచాటునుంచి వడ్రంగి గొంతు ఎత్తబోయాడు. జడ్జిగారు సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు.

"ముందు ఒక సంగతి తేలాలి," అన్నాడు. ఒక్కో అక్షరం చివరి వరసదాకా వినబడింది. "ఈ సాక్షి ఇంత ఆలస్యంగా, ఇంత తడిసి ఎందుకు వచ్చినట్టు?"

కోడలికి ఆ క్షణంలో అబద్ధం తోచలేదు.

"వానలో సైకిలు మీద వచ్చాను మావయ్యా."

హాలంతా నవ్వులతో ఊగిపోయింది. తెరచాటున వడ్రంగి గౌను విప్పేస్తున్నాడు. జడ్జిగారు నవ్వులు అణిగేదాకా ఆగి, మళ్ళీ సుత్తి కొట్టి, తీర్పు కాగితం విప్పాడు.

"కోర్టులో చుట్టరికాలు చెల్లవు. కూర్చో."