పడవ పొట్టలో నాకు దక్కని చోటు

నేను ఒక థర్మోకోల్ షీటుని. పేరు వినగానే పెదవి విరిచేవాళ్లే ఎక్కువ. ఒళ్లంతా గాలే, ఒప్పుకుంటాను. అయినా నా మొదటి కొలువు ఆషామాషీది కాదు. భీమిలి దగ్గర ఒక పెళ్లిలో, వేదిక వెనక హంసనై నిలబడ్డాను. పెళ్లికొడుకు పక్కన కంటే నా పక్కనే ఎక్కువమంది ఫొటోలు దిగారు. మర్నాడు మెడ విరిచేసి, మిగతా షీట్లతో కలిపి నన్ను అటకెక్కించారు.

ఆ అటక పెళ్లికొడుకు అన్న మైలపల్లి దానయ్యది. చేపల వేటకెళ్లే మనిషి. ఆ ఏడాది తుఫాను గాలికి అతని పాత పడవ బోల్తాపడి మునిగిపోతే, తెడ్డు పట్టుకుని ఈదుకొచ్చాడు. అప్పట్నుంచి అతని పెళ్లాం కాశులమ్మది ఒకటే మాట: "మునగని పడవ చేయించుకో. లేదంటే గడప దాటనివ్వను."

దానయ్య పడవలు చేసే లచ్చయ్య దగ్గరికెళ్లాడు. ఫైబర్ పొరలు రెండు, వాటి మధ్య తేలికైన సరుకు పెడితే పడవ గట్టిగానూ ఉంటుంది, నీళ్లు నిండినా తేలుతుందన్నాడు లచ్చయ్య. ఆ మధ్య సరుకు ఏదన్నదే గొడవ. బాల్సా అనే తేలిక చెక్క మంచిదే గానీ పై పొరకి సన్న కన్నం పడినా నీళ్లు తాగి కుళ్లిపోతుంది. పడవల కోసమే చేసే ఫోమ్ అయితే దిగుల్లేదు, కానీ ఖరీదు, పైగా చెన్నై నుంచి రావాలి.

దానయ్య బుర్ర గోక్కుని, "బావా, మా అటక మీద థర్మోకోలుంది గదా. నీట్లో పడేస్తే తేల్తాది" అన్నాడు.

లచ్చయ్య గంభీరంగా గడ్డం నిమిరి "ఎయ్యొచ్చు" అన్నాడు. ఎన్నడూ వేసి చూడలేదని మాత్రం చెప్పలేదు. అంత పెద్ద నిర్ణయం టీ చల్లారేలోపు అయిపోయింది. నాకు మాత్రం ఎక్కడలేని గర్వం వచ్చింది, హంసగా ఒకపూట బతికినదాన్ని, ఇక సముద్రం ఏలతానని.

పడవ బయటి పొర ఆరింది. మర్నాడు మమ్మల్ని పేర్చాలి. ఆ మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన కాశులమ్మ, కూర్చోవడానికి నన్ను పీటలా నేల మీద వేసుకుంది. ఫైబర్ గుడ్డని తడిపి బిగించే రెజిన్ జిగురు అక్కడే ఒలికి మడుగు కట్టి ఉందని ఎవరూ చూడలేదు. దానయ్య పులుసు కలుపుకుంటుండగా నా అడుగున మంట మొదలైంది. పంచదారలా కరిగిపోతున్నాను. కీచుమన్నాను, నాకొచ్చిన భాష అదొక్కటే. చూస్తుండగానే కాశులమ్మ చతికిలబడింది.

లచ్చయ్య పగలబడి నవ్వాడు. దానయ్యకు పొరబోయింది. ఆమె కూడా నవ్వుతూనే లేచి, చీరకంటుకున్న తెల్లటి బంకని వేలితో తీసి చూసింది. తర్వాత పడవకేసి చూసింది. నవ్వు పోయింది.

"లచ్చయ్యన్నా, రేపు దీని మీద పోసీది ఈ జిగురేనా?"

లచ్చయ్య జిగురు డబ్బాకేసి చూసి తలూపాడు.

"అయితే నా మొగుడి కింద ఏటీ లేకుండానే సంద్రానికి పంపేద్దురన్నమాట." దానయ్య గిన్నె పక్కన పెట్టేశాడు.

ఫోమ్ వచ్చేదాకా పడవ పని ఆగింది. నీట్లోకి దింపిన రోజు లచ్చయ్య కొబ్బరికాయ కొట్టి, ఎంతో ఆలోచించి మంచి సరుకు ఎంచానని నలుగురికీ చెప్పుకున్నాడు. కాశులమ్మ ఆ మాటే వినిపించుకోలేదు. పడవ అలలు దాటి, అవతల నుంచి దానయ్య చెయ్యి ఊపేదాకా కళ్లు తిప్పలేదు.

కరగ్గా మిగిలిన నేను షెడ్డు వెనక చెత్తలో పడి ఉన్నాను. దానయ్యకి నేను చేసిన మేలల్లా ఒక్కటే. అతని పెళ్లాం బరువు మోయలేకపోయాను.