తిరగేసిన బాతు

ఇరవయ్యారేళ్లు నేను బొమ్మలకు వెనకవైపు నుంచే రంగు వేశాను. మా కార్టూన్ స్టూడియోలో అదే పద్ధతి. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు మీద ముందువైపు నల్లగీత ఉంటుంది. దాన్ని బోర్లించి వెనక రంగు పూస్తే గీత చెరగదు, కుంచె జాడ కనపడదు. అందుకే కుడికి నడిచే బొమ్మ నా బల్ల మీద ఎప్పుడూ ఎడమకే నడిచేది.

ఇప్పుడు షీట్లు పోయాయి, కుంచెలు పోయాయి. రంగుల గదిలో వరసగా కంప్యూటర్లు పెట్టారు. పాతవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే.

"వారం రోజులు చూద్దామండీ. కుదిరితే ఉందురుగాని," అన్నాడు డైరెక్టర్. కుదరకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ పని తప్ప నాకు మరో పని రాదు.

నేర్పడానికి మా చెల్లెలి కూతుర్నే కూర్చోబెట్టారు. నేను చంకనేసుకుని తిప్పిన పిల్ల నాకు పాఠం చెప్పడం!

"ఇక్కడ నొక్కు పెద్దమ్మా. రంగు దానంతటదే నిండుతుంది."

నొక్కాను, నిండింది. ఆరేదాకా ఆగక్కర్లేదు. పొయ్యి వెలిగించకుండానే వడ్డించినట్టు అనిపించి ఒళ్లు మండింది. కానీ ఒప్పుకోవాలి, గీత దాటి ఒక్క చుక్క కూడా పోలేదు.

ఆరో రోజు పరీక్ష. బాతు రోడ్డు దాటి ఇంటికి చేరాలి. ఇల్లూ రోడ్డూ విడిగా వెనక ఉంటాయి, నాకిచ్చినవి బాతు బొమ్మలు నలభై. ఒక్కదాన్నే కూర్చుని పూర్తి చేసి పంపాను.

అందరి ముందూ తెర మీద వేశారు. నా బాతు ఇంటి గేటు దగ్గర మొదలై, రోడ్డు దాటి, ఎటో వెళ్లిపోయింది.

"అలిగి పుట్టింటికి పోతోంది!" అన్నారెవరో. గది గొల్లుమంది.

అప్పుడు తెలిసింది నేను చేసిన నిర్వాకం. ప్రతి బొమ్మనూ అలవాటు కొద్దీ తిరగేసే బటన్ నొక్కి, రంగు వేసి, అలాగే పంపేశాను. తల కొట్టేసినట్టయింది.

"తిరగేస్తేగాని నాకు బొమ్మలో తప్పు కనపడదండీ," అన్నాను డైరెక్టర్‌తో. "పదిహేను నుంచి ఇరవైరెండు దాకా బాతు కన్ను కిందికి జారింది. అదీ తిరగేస్తేనే తెలిసింది. చీటీ రాసి మీ బల్ల మీద పెట్టానుగా."

చీటీ ఆయన చూడనే లేదు. ఆ ఎనిమిది బొమ్మలూ తెర మీద నెమ్మదిగా వేయించాడు. కన్ను నిజంగానే జారింది.

"నెల నుంచీ దీని మొహంలో ఏదో తేడా ఉందనుకుంటున్నాను, ఇదా!" అన్నాడు. బొమ్మలు గీసేవాళ్లు అప్పటిదాకా నవ్వి, ఇప్పుడు నేలచూపులు చూశారు.

"దానికేముంది సార్, బటన్ నొక్కితే ఎవరికైనా కనపడుతుంది," అన్నాడు వాళ్లలో ఒకడు.

మా పిల్ల లేచి నిలబడింది. "బటన్ అందరి దగ్గరా ఉంది సార్. నొక్కింది మా పెద్దమ్మొక్కతే."

డైరెక్టర్ నా వైపు తిరిగాడు. "రేపట్నించి మీరు రంగు వేయొద్దండీ," అన్నాడు.

నేను నా సంచీ అందుకున్నాను.

"గీసిన ప్రతి బొమ్మా ముందు మీ దగ్గరికొస్తుంది. తిరగేసి చూసి మీరు సరేనంటేనే రంగుకు వెళ్తుంది."

సాయంత్రం బయల్దేరే ముందు ఎప్పటిలాగే కుళాయి కింద చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాను. నీళ్లు తేటగానే పోయాయి. ఏడుపు ఆపుకోలేకపోయాను.

"ఉద్యోగం నిలిచిందిగా పెద్దమ్మా, ఇంకా ఎందుకేడుస్తావ్?" అంటూ మా పిల్ల తువ్వాలు అందించింది.

"నిలిచిందిలే," అన్నాను. "ఇలా చూడు, కడగడానికి చేతుల్లో ఏమీ లేదు."