పక్కగదిలో వదిన

పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ తెరిచినప్పుడల్లా తెర మీద ఒక చిన్న పెట్టె అడ్డం వస్తుంది. కొత్త వెర్షన్ వచ్చిందట, ఇప్పుడే మారతారా, తర్వాతా అని అడుగుతుంది. నేను 'తర్వాత' మీద నొక్కుతాను. నొక్కే ముందు రెండుసార్లు చదువుకుంటాను. పొరపాటున పక్కదాని మీద పడితే ఏమైపోతుందోనని.

"పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతావు గానీ, దీని దగ్గర మాత్రం ఎక్కడలేని జాగ్రత్త," అంటారు మావారు. ఆయన బస్సు నడిపి రిటైరయ్యారు. బండి పాతదైతే మార్చాలి, అంతే ఆయన లెక్క.

ఈ కంప్యూటర్, ఈ సాఫ్ట్‌వేర్ నేనూ వదినా కలిసి కొనుక్కున్నవి. వదినంటే మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయాక ఆవిడ రోజూ మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేది. ఇద్దరికీ పాటల పిచ్చి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పాటలు ఆవిడే కట్టేది. అన్నీ ఒకటే రకం. ఒక చరణంలో ఆవిడ ఏదో అడుగుతుంది, తర్వాతి చరణంలో నేను జవాబు చెబుతాను. చిన్నగదిలో బీరువా తలుపులు తెరిచి, ప్రతిధ్వని రాకుండా వాటి మీద దుప్పట్లు కప్పి, మధ్యలో మైకు పెట్టుకుని పాడేవాళ్లం.

ఒక్కో గొంతుకీ తెర మీద ఒక్కో పట్టీ ఉంటుంది. ట్రాకు అంటారు. రెండూ కలిపి వినొచ్చు, లేదా ఒకదాని నోరు మూయించి రెండోదే వినొచ్చు. పద్ధతి ప్రకారమైతే ఒకరు పాడింది ఇంకొకరు హెడ్‌ఫోన్లలో వింటూ పాడాలి. అప్పుడే ఏ గొంతుకా గొంతు దాని పట్టీలో శుభ్రంగా ఉంటుంది. వదిన ఒప్పుకోలేదు.

"చెవులు మూసుకుని గోడకి పాడమంటావా? నువ్వు గదిలో ఉన్నట్టు వినపడాలి నాకు," అంది.

అందుకని ముందు నేను పాడేదాన్ని. అది స్పీకర్లో పెట్టి, మైకు ముందు వదిన పాడేది. ఆవిడ పాడాక నాది నాకు నచ్చేది కాదు. నాది చెరిపేసి, ఆవిడది స్పీకర్లో పెట్టుకుని మళ్లీ పాడేదాన్ని. మైకుకి నా గొంతే వినమంటే వింటుందా? స్పీకర్లో వచ్చేదీ వింటుంది. అలా నా పట్టీలో వదినా, వదిన పట్టీలో నేనూ దూరంగా చేరిపోయాం. అది తప్పని అప్పట్లో మాకు తెలియదు. తెలిసినా ఆవిడ మానేది కాదు.

వదిన పోయి ఏడాది దాటింది. మొన్నటి చలికాలంలో ఒకరోజు నా జవాబులు ఎలా వచ్చాయో విందామని ఆవిడ పట్టీ నోరు మూయించాను. వదిన నోరు మూయించడం బతికుండగా ఎవరివల్లా కాలేదు. ఆ రోజూ కాలేదు. మొదటి చరణం ఆవిడే పాడింది. సన్నగా, గోడకవతల నుంచి. లేచి వెళ్లి పక్కగది చూశాను. ఉతికిన బట్టలు మంచం మీద కుప్పగా ఉన్నాయి, అంతే.

సంగతేమిటో కాసేపటికి అర్థమైంది. అర్థమైనా రెండోసారి వెళ్లి చూశాను. అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం అదే పని. ఆవిడ పట్టీ మూసేస్తాను. దగ్గరగా వినపడే వదిన నాకు వద్దు. ఆ గొంతు పోయిన మనిషిది. పక్కగదిలోంచి వచ్చేది మాత్రం ఇంకా పోలేదు. ఏదో సర్దుకుంటూ పాడుతోంది. ఇప్పుడో ఇంకాసేపటికో ఇటు వస్తుంది.

ఇదంతా ఎవరికీ చెప్పలేదు. ఆదివారం పొద్దున మేనకోడలు వచ్చింది. వదిన ఒక్కగానొక్క కూతురు. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. మసక అంటే దానికి గిట్టదు. వస్తూనే నా అద్దాలు లాక్కుని కొంగుతో తుడిచింది.

"అత్తా, నాకు అమ్మ పాటలు కావాలి. అమ్మ ఒక్కతే. నువ్వు లేకుండా."

"నేనేం చేశానే?"

"ఏం చేయలేదు. ప్రతి పాటలోనూ నువ్వున్నావు, అంతే. అమ్మ నాతో మాట్లాడిన దానికంటే నీతో పాడిందే ఎక్కువ."

నవ్వుతూనే అంది గానీ, ఆ మాట నవ్వులోంచి బయటికి పొడుచుకొచ్చింది. తల్లి పోయే వేళకి అది దారిలో ఉంది. చేరేసరికి నేనే తలుపు తీశాను.

కొత్త వెర్షన్‌లో ఒక పనిముట్టు ఉందట. కలిసిపోయిన గొంతుల్ని విడదీస్తుందట. "దీన్ని మార్చేద్దాం. ఒక్కసారి మారితే మళ్లీ పాతది రాదు. కానీ పాటలు ఎక్కడికీ పోవు, కాపీ తీసి పెడతాను," అంది.

"మార్చాక, నా పట్టీలో దూరంగా వినపడేది?"

"మొత్తం తుడిచేయొచ్చు. ఎందుకడుగుతున్నావు?"

నీళ్లు తెచ్చే నెపంతో లేచాను. మావారు గుమ్మంలోంచి, "మీ అత్త ఆ కంప్యూటర్లో దెయ్యాన్ని పెంచుతోందమ్మా. దానికి కొత్త వెర్షన్ సరిపడదేమోనని భయం," అన్నారు. గోడలకి చెవులుంటాయంటారు. మా ఇంట్లో మొగుడికి కూడా ఉన్నాయి.

మేనకోడలు నవ్వలేదు. నా ముఖంలోకి చూసి, "సరే, నా లాప్‌టాప్‌లో కొత్తదే ఉంది, ముందు దాన్లో చేసి విందాం. నీది ముట్టుకోను," అంది.

వదిన పట్టీ ఒకటి దాన్లోకి ఎక్కించింది. పని ఎంతవరకు అయిందో చూపే పచ్చగీత మెల్లగా నిండింది. పాట మొదలైంది. వదిన ఒక్కతే. శ్వాస తీసుకోవడం, పెదవి విడిన చప్పుడు, అన్నీ. చరణం ముగించి ఆగింది. అక్కడ నా జవాబుండాలి. లేదు. ఆ ఖాళీలో ఎవరో నీళ్లలో మునిగి మూలుగుతున్నట్టు ఒక చిన్న తునక వినపడింది, తెగిపోయింది.

మేనకోడలు నా చెయ్యి పట్టుకుంది. "ఎవరది?"

"నేనే," అన్నాను. "మొదటిసారి పాడి చెరిపేసినది. అమ్మ వెనక మిగిలింది."

పోయింది ఆవిడ. దెయ్యంలా మూలుగుతున్నది నేను.

వదిన రెండో చరణం అడిగింది. మళ్లీ ఆగింది. జవాబు కోసం చూసే తీరు నాకు తెలుసు. గడ్డం కొంచెం ఎత్తి, కనుబొమలు లేపి. ఎవరూ పలకలేదు. మూడోదీ అడిగింది. నా గొంతులోకి జవాబు వచ్చేసింది గానీ, పెదవి దాటలేదు. అది మేనకోడలు అడిగిన పాట, నేను లేకుండా కావాలన్నది.

పాట అయిపోయాక అది కళ్లు తుడుచుకుంది. "ఎంత బాగుందో. పక్కనే కూచున్నట్టుంది. నీకు?"

"నాకు ఎదురుచూస్తున్నట్టుంది."

అది లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. "ఆ ఎదురుచూపు నాకోసమే అనుకుంటాను అత్తా," అంది. "పోయే రోజు నా దారి చూసి ఉంటుంది కదా. కనీసం ఇక్కడైనా ఆగినప్పుడల్లా నేనుంటాను."

ఇంకేమంటాను? పాటలన్నీ దాని లాప్‌టాప్‌లోకి ఎక్కించుకోమన్నాను. తల్లిని మొత్తంగా తీసుకెళ్లమన్నాను. "మరి నీదీ మార్చనా? పాతది ఎన్నాళ్లో పనిచేయదు. ఒకరోజు తెరుచుకోదు," అంది.

"తెరుచుకోకపోతే అప్పుడు చూద్దాం."

"అప్పుడు ఏడుస్తావు."

"ఏడుస్తాను. ఇప్పటినుంచే ఎందుకు?"

అది వెళ్లాక వీధి మలుపు దాకా చూసి లోపలికి వచ్చాను. భయంభయంగానే పాత సాఫ్ట్‌వేర్ తెరిచాను. పొద్దున విన్నది మనసులో ఉండిపోయి, ఇక పక్కగది కూడా ఖాళీగా వినపడుతుందేమోనని భయం. వదిన పట్టీ మూసి పాట పెట్టాను.

గోడకవతల నుంచి అడిగింది. ఆగింది. ఆ ఆగడం ఇన్నాళ్లూ నేను గమనించనేలేదు. ఈసారి చెవి ఒగ్గి విన్నాను. వెంటనే, దగ్గరగా, నా గొంతు జవాబు చెప్పింది. రెండోదానికీ చెప్పింది. ఒక్కటీ వదలలేదు.

పాట అయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు. పక్కగది చూడటానికి వెళ్లలేదు.