పదకొండు నిమిషాల పాత కాపీ

ఆఫీసులో అందరూ ఆయన్ని స్పీడన్న అంటారు. కంప్యూటర్ తెర మీద చక్రం తిరుగుతూ కనిపిస్తే చాలు, ముళ్ళ మీద కూర్చున్నట్టు గింజుకుంటాడు మరి.

ఊళ్ళోని పెద్దాసుపత్రి రికార్డుల సిస్టం కట్టింది ఆయనే. పాత భవనంలో ఒక కాపీ, కొత్త భవనంలో ఒక కాపీ. ఇక్కడ రాసింది అక్కడికీ, అక్కడ రాసింది ఇక్కడికీ చేరుతుంటుంది. మధ్యలో లైను తెగితే మాత్రం రెండే దార్లు. "అవతల ఏం మారిందో తెలీదు, ఆగండి" అని తెర మొరాయించాలి, లేదా తన దగ్గరున్న పాతదే చూపించాలి. ప్రాణం మీదికొచ్చిన వేళ డాక్టరు ముందు తెర మొరాయిస్తే ఎలా? అందుకని స్పీడన్న రెండోదే ఎంచుకున్నాడు. అందులో తప్పేం లేదు. "ఇది పాతది కావచ్చు" అని పైన ఒక పసుపు పట్టీ కూడా పెట్టాడు.

తప్పు ఆ తర్వాత జరిగింది. తుమ్మితే ఊడే లైను కావడంతో పట్టీ అస్తమానం వచ్చి కూర్చునేది. డాక్టర్లు విసుక్కున్నారు. వాళ్ళ నస పడలేక ఓ శుక్రవారం దాన్ని పీకేశాడు మహానుభావుడు.

సోమవారం పొద్దున లైను పదకొండు నిమిషాలు పడిపోయింది. సరిగ్గా అప్పుడే పాత భవనంలో ఒక పెద్దాయనకి ఫలానా ఇంజెక్షన్ పడదని కోడలు రాయించింది. ఆ వెంటనే ఆయన్ని కొత్త భవనం వార్డుకి తెచ్చారు. అక్కడి నర్సు తెర చూసింది. "పడని మందులు: లేవు." ఇంజెక్షన్ చేసింది. పెద్దాయనకి ఊపిరాడలేదు. చావు తప్పి బయటపడ్డాడు.

లైను రాగానే రెండు కాపీలూ ఒక్కటైపోయాయి. ఇప్పుడు ఎవరు చూసినా పడదన్న మాట ఎర్రగా కనిపిస్తుంది. నర్సుకి ఏం కనిపించిందో ఎక్కడా రాసిలేదు. లైను ఏ వేళ తెగిందో ఒక్క స్పీడన్నకే తెలుసు. సోమవారం మధ్యాహ్నమే చూసుకున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టు కిమ్మనలేదు.

గురువారం విచారణ. నర్సుకి యాభై దాటాయి. సూపరింటెండెంట్ ఉద్యోగం తీసేసే కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"లేవని చూసినట్టే గుర్తు సార్," అందావిడ. "కానీ ఉందిగా. నా కళ్ళే మోసం చేసుంటాయి. కళ్ళజోడు మార్చుకోవే అని మా అక్క మొత్తుకుంటూనే ఉంది."

సూపరింటెండెంట్ స్పీడన్న వైపు తిరిగాడు. "ఏమయ్యా, మీ సిస్టం ఏమైనా తప్పు చూపించిందా?"

తల అడ్డంగా ఊపితే పని అయిపోతుంది. కానీ ఆవిడ తన కళ్ళనే తను నమ్మకుండా కూర్చుంది. అది చూడలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోతూ చెప్పాడు.

"ఆవిడ చూసింది నిజమే సార్. తెర పాతది చూపించింది. పాతదని చెప్పే పట్టీని నేనే పీకేశాను."

సూపరింటెండెంట్ కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"ఎప్పుడు తెలిసింది బాబూ మీకు?" నర్సు అడిగింది.

"సోమవారమే."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"నిన్న ఆ కోడలి దగ్గరికెళ్ళాను," అందావిడ. "నా వల్లేనమ్మా, సరిగా చూసుకోలేదు అని ఏడ్చాను. పాపం, ఆ అమ్మాయి నా చేతులు పట్టుకుని క్షమించేసింది."

కళ్ళు తుడుచుకుని లేచింది.

"ఇప్పుడు మీరెళ్ళి చెప్పాలి బాబూ. మూడో అంతస్తులో ఉంటారు."