ఖుర్షీద్ కారుకొచ్చిన మార్కులు

ఖుర్షీద్ కారుకు నూటికి నలభై ఒక్క మార్కులు వచ్చాయి. ఆ సంగతి బెల్లంపల్లిలో ఉన్న ఆమెకంటే ముందు కరీంనగర్‌లో ఉన్న ఆమె కొడుకు తౌసీఫ్‌కు తెలిసింది. తెలిసిందే తడవు ఫోన్ చేశాడు.

"అమ్మీ, రాత్రి మల్ల పోయినవా?"

"పోయిన బేటా. చెన్నూరు అవతల ఒక ముసలామె పాణమిడిసింది. తెల్లారంగనే మట్టి అన్నరు. నేను పోకుంటే ఎట్ల?"

"మూలమలుపు కాడ బ్రేకు గట్టిగ కొట్టినవట. ఫోన్ల చూపిస్తున్నది."

"బర్రె అడ్డమొచ్చింది. కొట్టకుంటే నీ ఫోను ఇంకేం చూపించేదో!"

తౌసీఫ్ నవ్వలేదు. ఈ మార్కుల దగ్గర అతనికి నవ్వు రాదు. స్టీరింగ్ కింద అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి నిరుడు అతనే పెట్టించాడు. బండి ఎక్కడుంది, ఎంత వేగంగా పోతోంది, బ్రేకు ఎప్పుడు పడింది, అన్నీ ఆ డబ్బా అతని ఫోనుకు చేరవేస్తుంది. బాగా నడిపితే మార్కులొస్తాయి, మార్కులొస్తే ఇన్సూరెన్సు తగ్గుతుంది అని ఎవరో చెబితే నమ్మాడు. వేగంగా పోతే మార్కులు పోతాయి, రాత్రిపూట నడిపితే పోతాయి, గట్టిగా బ్రేకు కొడితే పోతాయి. ఖుర్షీద్ చేసే పనిలో ఈ మూడూ తప్పవు మరి.

ఆమె చేసే పని గుసుల్. ముసల్మాను ఇంట్లో ఎవరైనా కన్నుమూస్తే మట్టి చేసేముందు పద్ధతి ప్రకారం చివరి స్నానం చేయించాలి. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు చేయిస్తారు. పట్నాల్లో ఆ పద్ధతి తెలిసిన ఆడవాళ్లు దొరుకుతారు. అడవి అంచున ముసల్మానులవి రెండిళ్లో మూడిళ్లో ఉన్న ఊళ్లలో ఎవరు దొరుకుతారు? మట్టి ఆలస్యం చేయకూడదు కాబట్టి ఖుర్షీద్‌కు ఫోనొస్తుంది. ఆమె సంచి భుజాన వేసుకుని బయల్దేరుతుంది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు.

ఈ పట్టుదల ఆమెకు ఊరికే రాలేదు. ఉట్నూర్ దగ్గర పల్లెలో తల్లి చనిపోయినప్పుడు ఖుర్షీద్ ఇంకా పెళ్లికాని పిల్ల. వాగు పొంగి దారి తెగింది. గుసుల్ చేయించడానికి ఆదిలాబాద్ నుంచి రావలసిన ఆమె రాలేకపోయింది. ఇంట్లో ఆడవాళ్లంతా ఏడ్చేవాళ్లే గాని పద్ధతి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఒక పగలంతా తల్లి అట్లాగే ఉండిపోయింది. ఆఖరికి ఊరి పెద్దమనిషి ఒకాయన పరదా అవతల నిలబడి ఒక్కొక్కటే చెబుతుంటే, ఇవతల ఖుర్షీద్ నీళ్లు పోసింది. తల్లి జుట్టులో సబ్బు నురగ మిగిలిపోయిందేమో అన్న బెంగ ఆమెను ఇప్పటికీ వదల్లేదు. ఇంకే ఆడపిల్లకూ అట్లాంటి బెంగ ఉండొద్దని ఆమె ఈ పని నేర్చుకుంది.

భర్త నిజాముద్దీన్ బతికున్నన్నాళ్లూ స్కూటర్ మీద దింపేవాడు. ఒకరోజు చీకటిపడ్డాక చెన్నూరు రోడ్డు మీద ఒంటరిగా వస్తూ, లైట్లు లేకుండా ఆపిన లారీని గుద్దుకుని పోయాడు. ఇక ఖుర్షీద్ ఇంట్లో కూర్చుంటుందనుకున్నారు అందరూ. ఆమె పాత కారొకటి కొడుకు పేరు మీద కొనిపించి, బొగ్గు గని కాలనీ వెనక మైదానంలో డ్రైవింగ్ నేర్చుకుంది. బుర్ఖాలో గేరు మారుస్తుంటే జనం నిలబడి మరీ చూశారు. చూసీ చూసీ వాళ్లకే విసుగొచ్చి మానేశారు.

ఆ ఆదివారం తౌసీఫ్ భార్య మహెక్‌ను వెంటబెట్టుకుని బెల్లంపల్లి వచ్చాడు. ఇన్సూరెన్సు గడువు దగ్గరపడింది. వస్తూనే గోడకు వేలాడుతున్న కారు తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"మార్కులు రాలే. పైసలు తగ్గవు. ఏటేటా గింత కట్టుడు నాతోని కాదు. బండి అమ్మేస్త. నువ్వు మాతోని కరీంనగర్ వచ్చెయ్యి అమ్మీ."

ఖుర్షీద్ పోస్తున్న చాయ్ ఆపలేదు. కప్పులు నింపి, కోడలికొకటి కొడుకుకొకటి ఇచ్చి, అప్పుడు అంది.

"డబ్బాతోని ఇన్సూరెన్సు ఎంత తగ్గుతదో ఎవర్నన్న అడిగినవా?"

"అందరు అంటరు."

"అందరు అంటే గాదు. బుచ్చిరాములన్నను అడుగుదం పా. గాయన లెక్క చెప్పినంక అమ్ముతనంటే అప్పుడు మాట్లాడుదం."

బుచ్చిరాములు ఆ ఊళ్లో ఇన్సూరెన్సు ఏజెంటు. నిజాముద్దీన్‌కు స్నేహితుడు కూడా. బజారులో ఇంటి ముందు గదినే ఆఫీసు చేసుకున్నాడు. ముగ్గురినీ కూర్చోబెట్టి, తౌసీఫ్ చెప్పిందంతా విని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"చూడు తౌసీఫ్, ఇన్సూరెన్సుల రెండు పాళ్లుంటయి. మన బండితోని ఎదుటోనికి దెబ్బ తాకితే ఇచ్చేది ఒకటి. దాని రేటు సర్కారు పెడ్తది. నువ్వు డబ్బా పెట్టినా పెట్టకున్నా అండ్ల పైస తగ్గది. రెండోది మన బండికి దెబ్బ తాకితేనో, దొంగలెత్తుకపోతేనో ఇచ్చేది. నీ డబ్బా మార్కులు దానికే. కొత్తది, పెద్ద బండి అయితే జర తేడా కనపడ్తది. గీ బండి పాతది. నూటికి నూరొచ్చినా నాలుగైదు వందలు తగ్గుతయేమో."

తౌసీఫ్ ముఖం వాడిపోయింది. ఖుర్షీద్ ముందుకు జరిగింది.

"మరి మార్కులు తక్కువొస్తే పెంచుతరా అన్నా?"

"మీరు తీసుకున్న పాలసీల పెంచరక్కా. తగ్గింపు ఇయ్యరు, గంతే. ఇంకోటి చెప్త ఇను. మనం క్లెయిము అడగకుంటే ఏటేటా బోనసొస్తది. బండి కొన్నప్పటి సంది నువ్వు ఒక్కసారి అడగలే. నీకు అసలు తగ్గుతున్నది గండ్లనే. డబ్బా ఇచ్చేదానికన్న గది శానా ఎక్కువ."

ఖుర్షీద్ కొడుకు వైపు తిరిగింది. గెలిచినట్టు చూడలేదు. కొడుకు మనసులో ఇంకేదో ఉందని అతని ముఖం చూశాక ఆమెకు అనిపించింది.

"నాలుగైదు వందల కోసం ఏడాది సంది నన్ను సతాయించినవా? కాదు కదా. ఏందో చెప్పు బేటా."

తౌసీఫ్ తన ఫోను తీసి తల్లి ముందు పెట్టాడు.

"అబ్బాకు యాక్సిడెంట్ అయిందని నాకు ఫోనొచ్చింది గా రోడ్డు మీదికెల్లే. నువ్వు రాత్రిపూట గదే రోడ్డు మీద పోతుంటే ఫోన్ల చుక్క కదులుతది. నేను పండను. చూస్తనే కూసుంట. అడవిల సిగ్నల్ పోయి చుక్క ఆగితే నా పాణం పోయినట్లయితది. ఇన్సూరెన్సు అని చెప్తే నువ్వు ఇంటవేమో అనుకున్న. నాకు భయమైతుంది అమ్మీ."

ఇన్నాళ్లూ కొడుకు పైసలకు పీనాసితనం చేస్తున్నాడనుకుని ఒకటి రెండుసార్లు కోపం తెచ్చుకున్నందుకు ఖుర్షీద్ తనను తానే తిట్టుకుంది. లేచి వెళ్లి అతని తల మీద చెయ్యి వేసింది. మాట మాత్రం మెత్తబడలేదు.

"నాకు భయం లేదనుకున్నవా? గా లారీ ఆగిన జాగ వచ్చినప్పుడల్ల నా కాళ్లు వణుకుతయి. వణుకుతనే నడుపుత. నిమ్మలంగ పోత, నిద్రొస్తే ఆపుత, నువ్వేం చెప్తే గది చేస్త. పోవద్దని మాత్రం అనకు."

తౌసీఫ్ జవాబు చెప్పేలోపు ఆమె ఫోను మోగింది. అవతల ఎవరో పిల్ల. ఏడుస్తూ మాట్లాడుతోంది. ఉట్నూర్ అవతల పల్లె. తల్లి తెల్లవారుజామున పోయింది. ఉట్నూర్‌లో ఈ పని చేసే ఆమె హైదరాబాద్ వెళ్లింది. మూడిళ్ల వాళ్లున్నారు గాని ఎవరికీ తెలియదు. "మీరొస్తరా అమ్మీ?" అని అడుగుతోంది ఆ పిల్ల.

"ఏడ్వకు బిడ్డా. వస్తున్న. స్నానం నీళ్లల్ల వెయ్యాలె, రేగాకులు కోసి పెట్టు. నీళ్లు కాగబెట్టేది నేనొచ్చినంకనే."

ఫోను పెట్టేసి కొడుకు ముందు చెయ్యి చాచింది. తౌసీఫ్ జేబులో తాళంచెవిని గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

"వచ్చేసరికి చీకటైతది అమ్మీ. అంతా అడివి."

"అయితది."

అప్పటిదాకా కుర్చీ అంచున కూర్చుని ఒక్క మాటా అనని మహెక్ లేచి నిలబడింది.

"నేను పోత అమ్మీతోని."

తౌసీఫ్ ఆమెను ఎగాదిగా చూశాడు. "నువ్వా? బల్లిని చూస్తే ఇల్లు పీకి పందిరేస్తవ్!"

"భయమే. కాదంటలే. గని నాకొకటి చెప్పుండ్రి. అమ్మీ అందరికి చేపిస్తున్నరు. రేపు అమ్మీ కన్నుమూస్తే, అమ్మీకి ఎవరు చేపియ్యాలె? గప్పుడు ఎవరికి ఫోన్ చేస్తరు?"

ఈ ప్రశ్న ఖుర్షీద్ తనకు తానే ఎన్నోసార్లు వేసుకుంది. కోడల్ని రమ్మని అడగాలనీ అనుకుంది. చదువుకున్న పిల్ల, కొత్త కాపురం, శవాల దగ్గరికి రమ్మంటే ఏమనుకుంటుందో అని నోరు తెరవలేకపోయింది. ఇప్పుడు ఆ పిల్లే అడుగుతుంటే ఖుర్షీద్‌కు కళ్లనీళ్లు ఆగలేదు. తుడుచుకోనూ లేదు.

తౌసీఫ్ తాళంచెవి తీసి తల్లి చేతిలో పెట్టాడు.

"డబ్బా పీకెయ్యమంటవా?"

"ఉండనీ. మార్కులకు కాదు. మేం ఏడున్నమో నువ్వు చూస్కో. సిగ్నల్ లేని జాగలు ముందుగాలనే చెప్త, గాడ చుక్క ఆగితే పరేషాన్ గాకు." తరువాత బుచ్చిరాములు వైపు తిరిగింది. "అన్నా, మామూలు పాలసీ రాయి. బోనసు మాత్రం పోనియ్యకు."

"నువ్వు పోనిస్తే కద అక్కా," అన్నాడు బుచ్చిరాములు.

దారిలో టేకు చెట్ల మధ్య మేకల మంద ఒకటి రోడ్డెక్కింది. ఖుర్షీద్ బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. కాసేపటికే మహెక్ ఫోను మోగింది. మార్కులు మళ్లీ తగ్గి ఉంటాయి. తౌసీఫ్ ఆ మాట ఎత్తలేదు. "ఇద్దరు మంచిగున్నరా? ఆసిఫాబాద్ దాటంగనే అమ్మీకి చాయ్ తాపియ్యి," అని మాత్రం అన్నాడు.

పల్లెలో ఆ పిల్ల గుమ్మంలోనే ఉంది. పదహారేళ్లుంటాయేమో. రేగాకుల గిన్నెను ఒడిలోనే పెట్టుకుని కూర్చుంది. ఖుర్షీద్ ఆమెను దగ్గరికి తీసుకుంది. లోపల పరదాలు కట్టించి, నీళ్లు కాచించి, చేతులకు తొడుగులు వేసుకుంది. ఇంకో జత మహెక్‌కు ఇచ్చింది.

మహెక్ చేతిలోని చెంబు అంచు బకెట్‌కు టకటకా తాకింది. ఖుర్షీద్ ఆమె చేతిలోంచి చెంబు లాక్కోలేదు. పక్కనే నిలబడి ఒక్కొక్కటే చెప్పింది. కప్పిన బట్ట జరగనియ్యకు. కుడిదిక్కు నుంచి మొదలుపెట్టు. నీళ్లు నిమ్మలంగ పొయ్యి, ఆమెకు నొస్తదన్నట్లే పొయ్యి. తల దగ్గరికి వచ్చి జుట్టుకు సబ్బు పెట్టి కడిగేసరికి చెంబు టకటక ఆగిపోయింది. చివర కర్పూరం నీళ్లు కూడా పోసి, జుట్టు రెండు పాయలు చేసి గుండెల మీదికి వేసింది.

వేసి, ఖుర్షీద్ ముఖంలోకి చూసింది.

"జుట్టుల నురగ మిగల్లే కద అమ్మీ?"

ఖుర్షీద్ తన తల్లి సంగతి ఈ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు. వంగి, చనిపోయిన ఆమె తడి జుట్టును వేళ్లతో పాయపాయా తడిమి చూసింది. తరువాత పరదా పక్కకు జరిపి, బయట కూర్చున్న కూతురిని లోపలికి పిలిచింది.

"రా బిడ్డా, మీ అమ్మను చూస్కో," అంది. "జుట్టుల నురగ ఇసుమంత గూడ మిగల్లే."