అందరికీ యాభై

మా గాడిద నార్వే నుంచి వచ్చింది. గాడిద అంటే ప్రింటరు. దానికి సిరా అక్కర్లేదు, మందపాటి కాగితం మీద బ్రెయిలీ చుక్కలు పొడవడమే దాని పని. పొడిచేటప్పుడు అది చేసే గోలకి పక్కవీధి కుక్కలు కూడా లేచి మొరిగేవి. అందుకని దాన్ని ఒక చెక్కపెట్టెలో కూర్చోబెట్టి, లోపల పాత దుప్పట్లు కొట్టించాం. పైసందూ ఊళ్లో అంధుల సంఘంలో ఇరవై రెండేళ్లుగా దాన్ని తోలుతున్నది నేనే. నా పేరు విల్మార్. పుట్టుగుడ్డిని.

గుడ్డివాడు కంప్యూటరు ఎలా నడుపుతాడా అని వచ్చినవాళ్లంతా నోరెళ్లబెడతారు. నిజానికి తంటాలన్నీ చూపున్నవాళ్లవే. బొమ్మ వెతకాలి, బాణాన్ని దాని మీదికి జరపాలి, నొక్కాలి. నా తెర మీద ఉండేవన్నీ అక్షరాలే. చెవిలో ఒక గొంతు వాటిని చదువుతూ ఉంటుంది. ‘ఎల్‌పీ’ అని రెండక్షరాలు కొట్టి పక్కన ఫైలు పేరు కొడితే చాలు, గాడిద మేత అందుకుంటుంది. క్యూలో ఎవరెవరున్నారని అడిగితే పని నంబరుతో సహా అప్పజెబుతుంది. వద్దనుకున్న పనిని కొట్టేయొచ్చు, కాసేపు ఆపి ఉంచొచ్చు. ముందుకి జరపడానికీ ఒక్క ముక్క చాలు. ప్రతి పనికీ ఒకటి నుంచి వంద దాకా ఒక అంకె ఉంటుంది. మనమేమీ చెప్పకపోతే అది యాభై. ఎక్కువ అంకె ఉన్న పని ముందు వస్తుంది.

ఇరవై రెండేళ్లలో ఆ అంకెని నేను ముట్టుకోలేదు. సంఘం అధ్యక్షుడి బావమరిది తన హోటలు మెనూ కొట్టించుకోవడానికి వచ్చినా యాభై, చర్చి ఫాదరు ప్రార్థన పుస్తకం పంపినా యాభై. “నీతో మాట్లాడటం కన్నా గోడతో మాట్లాడటం నయం” అనేవాడు అధ్యక్షుడు. అది పొగడ్త అనుకుని పొంగిపోయేవాణ్ణి.

జనవరి వచ్చిందంటే క్యూ నిండిపోతుంది. మా దేశంలో మార్చిలో బడులు తెరుస్తారు, మా ఊరి నదికి ఇటువైపున్న ఊళ్లలోని గుడ్డిపిల్లల పుస్తకాలన్నీ మా గాడిదే మోయాలి. చూపున్న పిల్లల లెక్కల పుస్తకం సంచిలో ఓ మూల పడి ఉంటుంది. అదే చుక్కల్లోకి మారితే పదకొండు సంపుటాలు. అలా క్యూలో పద్దెనిమిది పనులున్న రోజున ఒబ్దూలియా టీచరు మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చారు.

నాకు ఏడో ఏట చుక్కలు నేర్పింది ఆవిడే. ఆవిడకీ చూపు లేదు. ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. భర్త వాల్దెమార్ టౌను బస్సు డ్రైవరు, చూపున్న మనిషి. డ్యూటీ దిగి ఇంటికొచ్చాక ఆ రోజు రోడ్డు మీద ఏమేం చూశాడో భార్యకి పూసగుచ్చినట్టు చెప్పడం ఆయనకి నలభై ఏళ్ల అలవాటు. చివరి ఏడాది గొంతులో పుండు పుట్టి, ఆపరేషనయ్యాక మాట పోయింది. చెప్పాల్సినవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోయాడు, ఆ తర్వాత మనిషే పోయాడు. దాన్ని మనవరాలు నోయెలియా టైపు చేసి తెచ్చింది.

“ఎన్ని పేజీలవుతుందిరా?” అన్నారు టీచరు.

“చుక్కల్లో అరవై ఒకటి. నోయెలియా చదివి వినిపిస్తే ఒక్క పూటలో అయిపోతుంది కదా టీచర్, ఇంత కాగితం ఎందుకు దండగ?”

“మొగుడూ పెళ్లాల మధ్య మనవరాలు దేనికిరా? ఇది చదివితే దీని గొంతే వినపడుతుంది. వేళ్లతో చదువుకుంటే ఆయన గొంతు వినపడుతుంది నాకు.”

“చూశావా మామా, నేను పనికిరానంట” అంది నోయెలియా.

“సరే టీచర్. మీది పంతొమ్మిదోది.”

“పంతొమ్మిదా! ముందెవరున్నారు?”

“పిల్లలు. నాలుగో తరగతి లెక్కలు, ఆరో తరగతి చరిత్ర…”

“అయితే సరే” అన్నారు ఆవిడ. “పిల్లల తర్వాతే.”

అరవై ఒక్క పేజీలంటే గాడిదకి అరగంట పని. ఆ సంగతి నాకు తెలుసు. పరాయి వాళ్ల మాటలు వినడం నా పద్ధతి కాదు కాబట్టి ఫైలులో ఏముందో వినకుండానే చుక్కల్లోకి మార్చి క్యూలో పెట్టాను. యాభై.

అప్పట్నుంచీ ప్రతి గురువారం ఆవిడ వేన్నీళ్ల ఫ్లాస్కు, మాతే ఆకు నానేసి తాగే సొరబుర్ర సంచిలో వేసుకుని వచ్చేవారు. వాన పడితే వేడి వేడి వేపుడు రొట్టెలు కూడా తెచ్చేవారు. ఇద్దరం ఒకే గొట్టంతో మాతే పీల్చుకుంటూ గాడిద చప్పుడు వింటూ కూర్చునేవాళ్లం. లేచేముందు ఒక్కటే అడిగేవారు, “ఎన్నోదిరా?” అని. పదిహేడు, పదిహేను, పద్నాలుగు.

ఒక గురువారం, “సుగరు వల్ల వేళ్లు మొద్దుబారుతున్నాయిరా. డాక్టరు ఏదేదో అంటున్నాడు” అన్నారు.

“మీ వేళ్లు మొద్దుబారడమా? మా చెవులు మెలిపెట్టినప్పుడు అలా ఏం అనిపించలేదే!”

ఆవిడ పెద్దగా నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే, “మధ్యలో ఎక్కడైనా ఖాళీ దొరికితే…” అన్నారు.

“క్యూలో మధ్య అనేది ఉండదు టీచర్. వరస తప్పితే బెంచీ ఎక్కించింది మీరే కదా.”

“అవునవును, నేనే” అన్నారు ఆవిడ. ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఫిబ్రవరిలో గాడిద పిన్ను విరిగి పది రోజులు పడకేసినప్పుడు కూడా ఎత్తలేదు.

ఫిబ్రవరి ఆఖరి గురువారానికి ఆవిడది ఆరోది. మాతే పోయడానికి కూర్చున్నారు. గుడ్డివాళ్లం బుర్ర అంచు మీద వేలు పెట్టి ఫ్లాస్కు వంచుతాం, వేలికి వేడి తగలగానే ఆపేస్తాం. ఎదురింటావిడ కోడిపుంజు గోడ దూకి వచ్చి పెరట్లో మొక్కలన్నీ ఎలా పీకిందో చెబుతూ ఆవిడ పోస్తున్నారు. ఉన్నట్టుండి నా మోకాలి మీద చురుక్కుమంది. కెవ్వుమని లేచాను.

“ఏమైందిరా?” అన్నారు. నీళ్లు ఇంకా పడుతూనే ఉన్నాయి, నేల మీద చప్పుడు వినిపిస్తోంది.

“నీళ్లు టీచర్! మీ వేలు!”

“నా వేలికేమైంది?”

తడుముకుంటూ ఆవిడ ఎడమచెయ్యి పట్టుకున్నాను. తడిసి కాలిపోతోంది. ఆవిడకి తెలియనే లేదు. పంపు దగ్గరికి తీసుకెళ్లి చెయ్యి నీళ్ల కింద పెట్టాను.

“ఎడమచేతివి నీ గాడిద పడకేసినప్పుడే పోయాయిరా” అన్నారు ఆవిడ మెల్లిగా. “కుడి చూపుడువేలు ఒక్కటి ఇంకా పనిచేస్తోంది.”

“మరి నాకు చెప్పరేం?”

“చెబితే ఏం చేస్తావు? పిల్లల్ని పక్కకి నెడతావా?”

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. కాలిన వేలికి మందు రాసి, పరుగున వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాను. గిచోన్ ఊళ్లో ఒక పిల్ల కోసం నాలుగో తరగతి లెక్కల ఏడో సంపుటం అచ్చవుతోంది. దాన్ని ఆపమని కొట్టాను. టీచరు పనికి వంద అని కొట్టాను. రెండుసార్లు తప్పు కొట్టాను, మూడోసారికి ఒప్పుకుంది. గాడిద మళ్లీ టకటకలాడటం మొదలెట్టగానే, వచ్చినవి వచ్చినట్టు నాలుగైదు కాగితాలు చింపి తెచ్చి పైదాన్ని ఆవిడ ఒళ్లో పెట్టాను.

“వచ్చిందా?” అన్నారు.  కాగితం మీద వేలు పాకుతున్న సన్నటి రాపిడి వినిపించింది.

“ ‘ఒబ్దూ, ఈ రోజు రేవు మలుపులో నారింజల లారీ బోల్తా పడింది’ ” అని చదివారు. “ ‘రోడ్డంతా నారింజలే. బస్సు ఆపేశాను. టై కట్టుకున్న పెద్దమనుషులు కూడా దిగి టోపీల్లో ఏరుకున్నారు. నీకోసం మూడు తెచ్చాను, ఒకటి దారిలో నేనే తినేశాను.’ దొంగసచ్చినోడు! చూశావట్రా!”

ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఇంకా సమయం మించిపోలేదని నా గుండె తేలికపడింది. నవ్వుతూనే నా ఒళ్లో ఉన్న రెండో కాగితం మీద అలవాటుగా వేలు వేశాను.

మూడు బై నాలుగు, కూడిక, ఒకటి బై ఎనిమిది.

కంప్యూటరులో పని ఆపినా, గాడిద కడుపులో అప్పటికే పడిన మేత బయటికి రాక మానదు. ఇరవై రెండేళ్లుగా తెలిసిన సంగతే, ఆ కంగారులో మర్చిపోయాను. ఆవిడ చదువుతున్న కాగితం కింది మూలకి మెల్లిగా వేలు పోనిచ్చాను. అక్కడా భిన్నాలే. ఆవిడ వేలు మాత్రం ఎడమ నుంచి కుడికి, వరస తప్పకుండా, నాకు నేర్పిన పద్ధతిలోనే కదులుతోంది.

“ఊఁ, రెండోది ఇవ్వు” అన్నారు.

ఇచ్చాను. బుట్టలో కోడిని దాచుకుని బస్సెక్కి, కోడి కూయగానే తానే దగ్గినట్టు నటించిన విధవరాలి గురించి ఆ కూడికల మీద చదివారు. నేను నవ్వాల్సిన చోట నవ్వాను. నా జన్మలో అంత కష్టమైన పని ఇంకొకటి చేయలేదు.

“ఇక చాల్లేరా. మిగతాది ఇంటికెళ్లి తీరిగ్గా చదువుకుంటా. ఒక్కరోజులో అవగొట్టేస్తే ఎలా?” అని లేచారు. ఇంకాసేపు కూర్చోబెట్టి అరవై ఒక్క పేజీలూ రానిచ్చాను. వాటిని దారంతో కట్టి ఇచ్చాను. లెక్కల కాగితాలు ఆవిడ చేతిలోనే ఉన్నాయి. వెనక్కి అడిగితే ఎందుకో చెప్పాలి. అడగలేదు.

గుమ్మం దగ్గర ఆగి, “పిల్లల పని ఆపి నాది కొట్టావా?” అన్నారు.

“లేదు టీచర్. మీ వంతే వచ్చింది. మీ ముందు ఐదు పనులు రద్దయ్యాయి.”

“అలా అయితే సరే” అని వెళ్లిపోయారు.

తర్వాతి గురువారం ఆవిడ రాలేదు, ఆ పై గురువారమూ రాలేదు. మార్చి నడిమధ్యలో నోయెలియా ఫోను చేసింది.

“మామా, అమ్మమ్మ రోజూ పొద్దున్నే ఆ కాగితాలు ఒళ్లో పెట్టుకుని చదువుతోంది. మాకందరికీ వినిపిస్తోంది. నారింజల లారీ అంట, బుట్టలో కోడి అంట. అదంతా తాతయ్య రాసిందేనా?”

“ఎందుకలా అడుగుతున్నావు?”

“టైపు చేసింది నేనే కదా. ఆ నోటుబుక్కులో బస్సు లేదు, రోడ్డు లేదు. ఆ ఏడాదంతా తాతయ్య గడప దాటితేనా? కుర్చీలో కూర్చుని అమ్మమ్మని చూస్తూ రాశాడు. మొత్తం అమ్మమ్మే. ‘ఈ రోజు నీలం స్వెట్టరు తిరగేసి వేసుకున్నావు, చెప్పడానికి నాకు గొంతు లేదు.’ ‘పులుసు కలుపుతూ పాడుకున్నావు, నీ మెడ మీద ఎండ పడింది.’ అన్నీ అలాంటివే మామా.”

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

“నేను చదివి వినిపిస్తానే అమ్మమ్మా అని బతిమాలాను” అంది నోయెలియా. “ ‘ఎందుకే, నేను చదివేశానుగా’ అంటోంది.”

జనవరిలో ఆవిడ వచ్చిన రోజునే నేను వంద అని కొట్టి ఉంటే, గిచోన్ పిల్ల పుస్తకం అరగంట ఆలస్యమయ్యేది. అంతే.